పాత మిలిటరీ రైఫిల్ కొనేముందు జేబులో టార్చిలైటు పెట్టుకోండి

సైన్యాలు వాడి వదిలించుకున్న పాత రైఫిళ్ళ గురించి మొన్నొక చిన్న ముక్క రాస్తే ఉత్తరాలతో బల్ల నిండిపోయింది. అన్నిటికీ జవాబు రాయడం నావల్ల కాదు, అందుకని ఎక్కువమంది అడిగినవి ఏరి పెట్టాను. ముందుగా ఒక్కమాట. లైసెన్సు ఎవరికిస్తారు, ఏ సైజు తూటా పౌరులు ఉంచుకోవచ్చు అన్నవి దేశానికో రకంగా ఉంటాయి. మీరున్న చోట అవి తేల్చుకున్నాకే ఈ కింది సంగతులన్నీ. చట్టం ఒప్పుకోని రైఫిల్ గొట్టం ఎంత నిగనిగలాడినా మనకి అనవసరం.

ప్రశ్న: రెండు రైఫిళ్ళు చూశానండీ. ఒకటి కొత్తదానిలా మెరుస్తోంది. రెండోది గీతలు, నొక్కులు, చెక్కంతా నల్లగా మురికి పట్టి ఉంది. ధర ఇంచుమించు ఒకటే. మెరిసేదే తీసుకోమని మా బావ పోరుతున్నాడు. ఏం చెయ్యమంటారు?

మీ బావగారిని కాసేపు బయట కూర్చోబెట్టండి. డెబ్భై ఎనభై ఏళ్ళ కిందటి రైఫిల్ మెరుస్తోందంటే దాన్ని ఎవరో మెరిపించారని అర్థం. అది సైన్యం వాళ్ళే తమ వర్క్‌షాపులో చేసిన పని అయితే పరవాలేదు. కానీ అమ్మేవాడు సాండ్‌పేపర్‌తో చెక్క గీకి, వార్నిషు కొట్టి, ఇనుముకి కొత్తగా నల్లరంగు పట్టించాడంటే, కింద ఏం దాచాడో చూడాలి. తుప్పు తిన్న గుంటల్ని పాలిష్ చక్రం మీద అరగదీసి రంగు వేస్తే దూరంనుంచి ఏమీ తెలియదు. దొరికిపోయేది అక్షరాల దగ్గర. ఫ్యాక్టరీ ముద్రలు, నంబర్లు అంచులు పదునుగా ఉండాలి. అవి సబ్బుముక్క మీద అక్షరాల్లా మెత్తబడి, సగం చెరిగిపోయి ఉంటే అక్కడ లోహం అరిగినట్టే. చెక్క కూడా ఇనుప భాగాలకంటే కొంచెం కిందకి దిగిపోయి కనిపిస్తుంది, గీకేసిన చెక్క మరి పైకి రాదుగా.

ఇక నొక్కుల సంగతి. స్విట్జర్లాండ్ వాళ్ళ కే31 అని ఒక రైఫిల్ ఉంది, బోల్ట్‌ని తిప్పకుండా నేరుగా వెనక్కి లాగేది (తూటా వెనక గొట్టాన్ని మూసే కడ్డీయే బోల్ట్). వాటిలో చాలావాటికి మడమ దగ్గర, అంటే భుజానికి ఆనించే చోట, చెక్క కుక్క కొరికినట్టు ఉంటుంది, గొట్టంలోకి చూస్తే మాత్రం అద్దంలా ఉంటుంది. ఆ చెక్క చూసి మొహం తిప్పుకున్నవాళ్ళు నాకు తెలుసు. వాటికి ఇంకో ముచ్చట కూడా ఉంది. మడమ రేకు మరలు విప్పితే కొన్నిట్లో లోపల చిన్న కాగితం ముక్క దొరుకుతుంది, ఒకప్పుడు ఆ రైఫిల్ మోసిన సైనికుడి పేరు, దళం రాసి ఉంటాయి దాని మీద. గుల్ల కింద గింజ దొరికినట్టు ఉంటుంది నాకైతే.

నేను కొన్న మొట్టమొదటిది మాత్రం మెరిసేదే లెండి. ఎవరి దగ్గరో చెప్పను. చెక్క మీద నా మొహం కనిపించేది. దాన్ని తీసుకెళ్ళి వంద మీటర్ల దూరంలో గురి పెడితే తూటాలు చాటంత మేర చెల్లాచెదురుగా పడ్డాయి. గొట్టం మూతి అరిగి గంటలా విచ్చుకుని ఉంది, నేను అటువైపు చూడనే లేదు.

ప్రశ్న: గొట్టం లోపల చూడమని అందరూ చెబుతారు. చూశాను కూడా. నల్లగా ఉంది. అంతకుమించి నాకేమీ అర్థం కాలేదు. అసలు ఏం చూడాలి?

సరైన ప్రశ్న, ఎందుకంటే చాలామంది ఒక కన్ను మూసి, గొట్టంలోకి చూసి, తల ఊపి, రైఫిల్ పక్కన పెట్టేస్తారు. వాళ్ళకీ ఏమీ కనిపించదు.

ముందు రైఫిల్ ఖాళీగా ఉందో లేదో మీరే చూడండి, అమ్మేవాడి మాట మీద కాదు. బోల్ట్ పూర్తిగా బయటికి తీసెయ్యండి. అమ్మేవాడిని అడిగి ఒక పొడి గుడ్డపీలిక గొట్టంలోంచి లాగండి, గ్రీజు ఉంటే అది పోయేదాకా రెండు మూడు సార్లు. నల్లగా కనిపించే గొట్టాల్లో సగం కేవలం మురికివి. తరవాత ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) వైపునుంచి టార్చి వేసి మూతి వైపునుంచి చూడండి, మళ్ళీ అటుదిటు మార్చి చూడండి. సూటిగా కాకుండా వెలుగుని కాస్త పక్కకి పెడితే గోడలు బాగా కనిపిస్తాయి.

లోపల మెలికలు తిరుగుతూ గట్లు, గాడులు ఉంటాయి, దాన్నే రైఫ్లింగ్ అంటాం. గట్ల అంచులు పదునుగా నిలబడి ఉన్నాయా, లేక వానకి కరిగిన మట్టిగట్టులా గుండ్రబడ్డాయా అన్నది అసలు విషయం. గట్లు బలంగా ఉండి గాడుల్లో మాత్రం మంచు పట్టినట్టు తెల్లటి మసక ఉంటే భయపడకండి, అలాంటివి చక్కగా కాలుస్తాయి. లోతైన గుంటలు పడి ఉంటే వేరే సంగతి. అప్పుడు రాగి మురికి కూడా తొందరగా పేరుకుంటుంది, శుభ్రం చేసి చేసి మీ చేతులు పడిపోతాయి. ఛాంబర్ అయిపోయి గాడులు మొదలయ్యే చోటు ప్రత్యేకంగా చూడండి. ఎక్కువ కాల్చిన రైఫిల్ వేడికి ముందు అక్కడే తినేసుకుపోతుంది.

ఎక్కడైనా చుట్టూ ఉంగరంలా ఒక నల్లటి నీడ కనిపిస్తే ఆగండి. ఎప్పుడో గొట్టంలో ఏదో ఇరుక్కుని ఉండగా పేల్చితే ఆ చోట గొట్టం ఉబ్బుతుంది. అనుమానం తీర్చుకోవడానికి బిగుతుగా ఉన్న గుడ్డపీలికని ఊచతో నిదానంగా తొయ్యండి. ఒకే పట్టుతో వెళ్తూ వెళ్తూ ఒకచోట హఠాత్తుగా వదులై, మళ్ళీ బిగిస్తే ఉబ్బు ఉన్నట్టే. అలాంటిది ఉచితంగా ఇచ్చినా గోడకి తగిలించడానికే.

ఇప్పుడు మూతి. నన్ను ముంచింది ఇదే. సైనికులు ఇనుప ఊచని మూతి వైపునుంచి దూర్చి ఏళ్ళ తరబడి తోముతారు, ఊచ రాసుకుని రాసుకుని అంచు దగ్గర గాడులు చెరిగిపోతాయి. తూటా గొట్టాన్ని వదిలే ఆఖరి చోటు అదే కాబట్టి అక్కడ వంకర ఉంటే గొట్టం మిగతాదంతా బాగున్నా గురి కుదరదు. దీనికి పాత చిట్కా ఒకటుంది. మందు, ప్రైమర్ (మందుకి నిప్పంటించే అడుగు బిళ్ళ) లేని డమ్మీ తూటాని, మళ్ళీ చెబుతున్నా డమ్మీనే, మొనని మూతిలో పెట్టి చూడండి. డొప్ప ముందున్న బుల్లెట్ కొంత దూరం వెళ్ళి ఆగి, ఇత్తడి డొప్ప అంచుకీ మూతికీ మధ్య ఖాళీ మిగిలితే మంచిది. ఇత్తడిదాకా పూర్తిగా మింగేస్తే అరిగిందని అర్థం.

ఈ చిట్కా అన్నిచోట్లా పనిచెయ్యదు. రష్యన్ మోసిన్ నగాంట్ రైఫిళ్ళు కొన్నిటికి సోవియట్ వర్క్‌షాపులవాళ్ళు అరిగిన మూతిని లోపలికి కొంతదూరం వెడల్పుగా తొలిచేశారు, దాంతో గాడులు లోపల, బాగున్న చోటునుంచి మొదలవుతాయి. డమ్మీ తూటా గుటుక్కున దిగిపోతుంది. అది పాడైందని కాదు, బాగుచేసిందే. టార్చి వేస్తే లోపల మెట్టులా కనిపిస్తుంది.

ప్రశ్న: హెడ్‌స్పేస్ చూపించుకోకుండా కాల్చొద్దని ఒకరన్నారు. ఇన్నేళ్ళు సైన్యం వాడింది కదా, మళ్ళీ చూసేదేముంది? అసలు అదేంటో తేలిగ్గా చెప్పండి.

బోల్ట్ మూసి బిగించాక బోల్ట్ ముఖానికీ, ఛాంబర్‌లో తూటా ముందుకి పోకుండా ఆనుకునే చోటుకీ మధ్య ఉండే దూరమే హెడ్‌స్పేస్. జర్మన్ మౌజర్ లాంటి వాటిలో తూటా తన భుజం (డొప్ప మెడ వైపు సన్నబడే చోటు) మీద ఆనుకుంటుంది, మోసిన్, లీ ఎన్‌ఫీల్డ్ లాంటివాటిలో అడుగున ఉన్న అంచు మీద. ఆ దూరం ఎక్కువైతే పేలినప్పుడు ఇత్తడి డొప్ప వెనక్కి సాగుతుంది. సాగి సాగి అడుగు దగ్గర తెగితే అంత ఒత్తిడి ఉన్న వాయువు బోల్ట్ సందుల్లోంచి మీ మొహం వైపు వస్తుంది. తేలిగ్గా చెప్పమన్నారు, కానీ ఇది తేలిగ్గా తీసుకునేది కాదు.

సైన్యం వాడింది నిజమే. అయితే సైన్యం ఆ బోల్ట్‌తోనే ఆ రైఫిల్‌ని వాడిందా? ఇక్కడే వస్తుంది తంటా. గోదాముల్లో బోల్టులు ఒక గుట్ట, రైఫిళ్ళు ఒక గుట్టగా పెట్టి, అమ్మేటప్పుడు చేతికందింది తొడిగేసిన సందర్భాలు ఉన్నాయి. పట్టింది కదా అని సరిపోయినట్టు కాదు. యుగోస్లావియా ఎం48 చూడటానికి జర్మన్ కే98కే లాగే ఉంటుంది, కానీ దాని లోపలి మెకానిజం కాస్త పొట్టి, ఒకదాని బోల్ట్ ఇంకోదానికి నప్పదు.

కొలవడానికి ఛాంబర్‌లో పెట్టి చూసే కొలత ముక్కలు, గేజులు ఉంటాయి. గో, నో గో, ఫీల్డ్ అని మూడు. గో గేజు మీద బోల్ట్ మూసుకోవాలి, నో గో మీద మూసుకోకూడదు. వాడిన మిలిటరీ రైఫిల్ నో గో మీద మూసుకున్నా ఫీల్డ్ మీద మూసుకోకపోతే ఇంకా వాడకానికి పనికొస్తుందని లెక్క. ఫీల్డ్ మీద కూడా మూసుకుంటే ఇక కాల్చొద్దు. కొలిచేటప్పుడు బోల్ట్‌లోంచి ఫైరింగ్ పిన్ (ప్రైమర్‌ని కొట్టే సూది), ఎక్స్‌ట్రాక్టర్ (డొప్పని బయటికి లాగే కొక్కెం) తీసెయ్యాలి, వేలితో మెల్లగా మూయాలి. బలంగా నొక్కితే ఏ గేజు మీదైనా మూసుకుంటుంది, గేజూ పాడవుతుంది. ఇదంతా మీకు అలవాటు లేకపోతే తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్‌కి ఇవ్వండి, ఆయనకి పట్టేది కాసేపు.

లీ ఎన్‌ఫీల్డ్ నంబర్ 4 కొనేవాళ్ళకి ప్రత్యేకంగా ఒకటి. దీని బోల్ట్ తలకాయ విడిగా ఊడొస్తుంది, 0 నుంచి 3 దాకా నంబర్లలో వచ్చేవి, నంబరు పెరిగేకొద్దీ రవ్వంత పొడవు. దూరం పెరిగితే పెద్ద నంబరు తలకాయ బిగించేవాళ్ళు. కాబట్టి మీ ముందున్న రైఫిల్‌కి 3వ నంబరు ఉంటే దానికింక ముందుకి దారి లేదు. 0 ఉండి కొలత సరిపోతే సంతోషం. ఇది వాడే .303 తూటాకి మిలిటరీ లెక్క 0.064 అంగుళాలనుంచి 0.074 దాకా. బోల్ట్ పిడి వెనక చెక్కిన నంబరూ రైఫిల్ బాడీ మీది నంబరూ ఒకటేనా అన్నది కూడా చూసుకోండి.

వాడిన ఇత్తడిని మళ్ళీ నింపుకునేవాళ్ళు ఉంటే, ఈ .303 ఛాంబర్లు భుజం దగ్గర వదులుగా ఉంటాయి, బురదలో కూడా పనిచెయ్యాలని అలా చేశారు. ప్రతిసారీ డొప్పనంతా అచ్చులో పెట్టి మొదటి సైజుకి నొక్కితే ఇత్తడి తొందరగా తెగుతుంది. మెడవరకే నొక్కండి చాలు.

ప్రశ్న: అన్ని నంబర్లూ మ్యాచింగ్ అని ఎక్కువ ధర చెబుతున్నారు. ఆ మాటకి అంత విలువ ఉందా?

మీరు దాచుకోవడానికి కొంటున్నారా, కాల్చడానికా? దాచుకునేవాళ్ళకి ఫ్యాక్టరీలో కొట్టిన నంబర్లు అన్ని భాగాల మీదా కలిస్తే విలువ బాగా పెరుగుతుంది, అది నిజమే. కాల్చేవాళ్ళకి బోల్ట్, బాడీ కలిస్తే చాలు, అది కూడా హెడ్‌స్పేస్ కోసం.

కానీ మ్యాచింగ్‌లో రెండు రకాలు. సోవియట్ వాళ్ళు యుద్ధం తరవాత మోసిన్‌లని కుప్పలుగా విప్పి, బాగుచేసి, దొరికిన భాగాలు కలిపి బిగించి, పాత నంబరు కొట్టేసి రైఫిల్ నంబరు కొత్తగా వేశారు. జర్మన్లనుంచి పట్టుకున్న కే98కే లకీ అదే పని, కొన్నిటి మీద నంబరు కరెంటు పెన్నుతో గీసినట్టు ఉంటుంది. అవి కూడా మ్యాచింగే, కానీ మొదటినుంచీ కలిసి పుట్టినవి కావు. అంకెల తీరు పోల్చి చూడండి, బాడీ మీద 4 ఒకలా, బోల్ట్ మీద 4 ఇంకోలా ఉంటే తెలిసిపోతుంది. కాల్చడానికి అవి మంచివే, ఆ ధరకి మాత్రం కాదు.

చెక్కమీదా ఇనుము మీదా ఉన్న గుర్తులు కూడా చూడండి. మోసిన్ మీద చతురస్రంలో ఏటవాలు గీత ఉంటే వర్క్‌షాపులో బాగుచేసినదని, ఎస్‌ఏ అన్న అక్షరాలు చతురస్రపు బ్రాకెట్లలో ఉంటే ఫిన్లాండ్ సైన్యం చేతిలోకి వెళ్ళినదని. స్వీడన్ మౌజర్‌లకైతే మడమ మీద ఇత్తడి బిళ్ళ ఉంటుంది, గొట్టం లోపలి కొలతా దాని పరిస్థితీ దాని మీద గుర్తుపెట్టేవాళ్ళు. ఎంత ముచ్చటైన పద్ధతి! అయితే బిళ్ళ ఉన్నది చెక్కకి, గొట్టానికి కాదు. చెక్క మార్చేసి ఉంటే బిళ్ళ వేరే రైఫిల్ కథ చెబుతుంది.

ప్రశ్న: మోసిన్ కొన్నాను. రెండు మూడు సార్లు కాల్చగానే బోల్ట్ ఇరుక్కుపోతోంది, చెక్క సుత్తితో కొడితే గానీ రాదు. మోసపోయానా?

బహుశా లేదు. గోదాములో దశాబ్దాలు ఉండాలని వీటికి కాస్మొలీన్ అనే జిడ్డు గ్రీజు పూసి పెట్టారు. మీరు బయట తుడిచి ఉంటారు, ఛాంబర్‌లో పూతలా ఎండిపోయింది అలాగే ఉంటుంది. గొట్టం వేడెక్కితే అది మెత్తబడి తూటా డొప్పని జిగురులా పట్టుకుంటుంది. ఛాంబర్ సైజు ఇత్తడి బ్రష్ తీసుకుని, కిరసనాయిలు లాంటిదానితో తడిపి, మెరుపు వచ్చేదాకా తోమండి. నిప్పుకి దూరంగా, ఆరుబయట, గ్లవ్స్ వేసుకుని. బోల్ట్ విప్పి లోపలి స్ప్రింగు దగ్గర పేరుకున్నది కూడా తీసెయ్యండి, అక్కడ గ్రీజు ఉంటే పిన్ నెమ్మదిగా కొడుతుంది, తూటా పేలదు. చెక్కకి పట్టింది మాత్రం ఎండలో పెడితే చెమటలా కారుతుంది, తుడుస్తూ ఉండండి, రెండు మూడు రోజుల పని.

అంతా చేశాక కూడా ఇరుక్కుంటే అప్పుడు ఛాంబర్‌లో తుప్పు గుంటలున్నాయేమో చూపించండి. సుత్తి మాత్రం లోపల పెట్టెయ్యండి.

ప్రశ్న: పాత మిలిటరీ తూటాలు చవకగా వస్తున్నాయి. వాటితో గొట్టం పాడవుతుందంటే నమ్మొచ్చా?

నమ్మండి. పాత ప్రైమర్లలో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది పేలాక గొట్టంలో పొటాషియం క్లోరైడ్ మిగులుతుంది, మనం తినే ఉప్పుకి దగ్గరి చుట్టం. గాలిలో తేమ లాక్కుని ఒకట్రెండు రోజుల్లోనే ఇనుముని తినడం మొదలుపెడుతుంది. నూనె పూస్తే పోదు, ఉప్పు నూనెలో కరగదు. నీళ్ళు కావాలి. కాల్చిన రోజే వేడినీళ్ళు గొట్టంలోంచి పోసి, బోల్ట్ ముఖం కూడా కడిగి, బాగా ఆరబెట్టి, అప్పుడు నూనె. ఎస్‌కేఎస్ లాంటి గ్యాస్‌తో నడిచే రైఫిల్ అయితే గ్యాస్ గొట్టం, పిస్టన్ కూడా. అద్దాలు తుడిచే అమ్మోనియా ద్రావణమే వాడాలని కొందరు పట్టుబడతారు, అందులో పనిచేసేది నీళ్ళే.

ఇంకోటి, పాత తూటా టిక్ మని పేలకపోతే వెంటనే బోల్ట్ తెరవకండి. గొట్టం గురివైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి. ఆలస్యంగా పేలేవి ఉంటాయి.

ప్రశ్న: ఎంత బాగున్నా అసలు కాల్చకూడని పాత రైఫిళ్ళు ఏవైనా ఉన్నాయా?

ఉన్నాయి, గుర్తున్నవి చెబుతాను. లీ ఎన్‌ఫీల్డ్ మీద డీపీ అని ముద్ర ఉంటే అది కవాతుకి పెట్టినది, కాల్చడానికి పనికిరాదని పక్కన పెట్టినది. కొత్త చెక్క తొడిగి దాన్ని అమ్మేవాళ్ళున్నారు, కాబట్టి ఇనుము మీద కూడా వెతకండి. జపాన్ వాళ్ళ అరిసాకాలో శిక్షణ కోసం చేసినవి ఉన్నాయి, లోపల గాడులే ఉండవు, పోత ఇనుముతో చేసిన బాడీ, అసలు తూటా పెడితే బద్దలవుతుంది. అమెరికా స్ప్రింగ్‌ఫీల్డ్ 1903 ల్లో తొలి రోజులవి, స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధశాలలో 800,000 కంటే తక్కువ నంబరు, రాక్ ఐలండ్‌లో 285,507 కంటే తక్కువ నంబరు ఉన్నవి, ఉక్కుని కాల్చి గట్టిపరిచేటప్పుడు వేడి సరిగ్గా చూసుకోక కొన్ని పెళుసయ్యాయి. ఏది పెళుసో పైకి చూసి చెప్పలేం, అందుకే మొత్తం గుంపునే కాల్చొద్దంటారు.

తూటా సైజు గందరగోళం వేరే. జర్మన్ గెవేర్ 88 కి మొదట 0.318 అంగుళాల బుల్లెట్, తరవాతి తూటాలో 0.323, రెంటినీ 8 మి.మీ. అనే పిలుస్తారు. మన ఇషాపూర్ ఫ్యాక్టరీలో చేసిన 2ఏ, 2ఏ1 రైఫిళ్ళు చూడగానే పాత .303 అనుకుంటారు, అవి 7.62 నాటో తూటాకి చేసినవి. అమ్మేవాడు చెప్పిన సైజు కాదు, గొట్టం మీద ఉన్నది చదవండి, అనుమానం ఉంటే ఛాంబర్ కొలిపించండి.

ప్రశ్న: ట్రిగ్గర్, సేఫ్టీ ఎలా చూడాలి? చెక్కలో పగుళ్ళు ఉంటే వదిలెయ్యాలా?

ఖాళీ రైఫిల్‌తో, అమ్మేవాడు సరే అన్నాక. బోల్ట్ ఎక్కుపెట్టి, సేఫ్టీ వేసి, ట్రిగ్గర్ లాగి వదలండి. ఇప్పుడు సేఫ్టీ తియ్యండి. పిన్ దానంతట అదే పడితే లోపల అరిగింది, బేరం అక్కడితో ఆపండి. తరవాత ఎక్కుపెట్టి మడమని రబ్బరు చాప మీద రెండుసార్లు తట్టండి, పడకూడదు. మోసిన్ సేఫ్టీ వెనక గుండీని లాగి తిప్పేది, బలం లేకపోతే తిరగదు, అది దాని గుణమే.

పగుళ్ళలో భయపడాల్సినవి రెండు చోట్ల. రిసీవర్ (రైఫిల్ ఇనుప బాడీ) తోక వెనక, చేత్తో పట్టుకునే సన్నటి భాగంలో. కాల్చిన ప్రతిసారీ దెబ్బ అక్కడే తగులుతుంది. సైన్యం వాళ్ళే గూటం దిగ్గొట్టి, ముక్క అతికి బాగుచేసినవి మాత్రం గట్టిగానే ఉంటాయి. వీలైతే పై చెక్క విప్పి గొట్టం అడుగు చూడండి, చెక్క గీతకి కింద తేమ నిలిచి తుప్పు తినేసినవి ఎన్నో.

ప్రశ్న: బోల్ట్ తీసి చూపించమంటే అమ్మేవాడు ఒప్పుకోవట్లేదు. పాడవుతుందంటున్నాడు. మిగతా అంతా బాగుంది. తీసుకోనా?

యుద్ధంలో పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళు చీకట్లో, చలికి వేళ్ళు కొంకర్లు పోతుండగా తీసి పెట్టుకున్న బోల్ట్ అది. వద్దు.